డీఎస్ఎస్ ఎలుకల పేగులో టీఎన్ఎఫ్ సిగ్నల్ ఎందుకు రావట్లేదంటే

పేగు వాపు తెప్పించడానికి నీళ్లలో డీఎస్ఎస్ (డెక్స్‌ట్రాన్ సోడియం సల్ఫేట్) తాగించిన ఎలుకల్లో, వాపు జన్యువు టీఎన్ఎఫ్ పీసీఆర్ పరీక్షలో ఎందుకు కనపడట్లేదని అడిగారు. జన్యువు ఆగిపోలేదు, మీ ఆర్ఎన్ఏలో డీఎస్ఎస్ మిగిలిపోయింది. పేగు కణజాలం నుంచి ఆర్ఎన్ఏతో పాటే వచ్చేసి, ఆర్ఎన్ఏని డీఎన్ఏగా మార్చే రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్‌నీ, ఆ డీఎన్ఏని పెంచే పాలిమరేజ్‌నీ అడ్డుకుంటుంది. మంచినీళ్లు తాగిన ఎలుకల్లో (కంట్రోల్) టీఎన్ఎఫ్, పోలిక కోసం కొలిచే మామూలు జన్యువు జీఏపీడీహెచ్ రెండూ వచ్చి, వాపున్న వాటిలో రెండూ పోయాయన్నారు కదా, గుర్తు అదే. నిజంగా టీఎన్ఎఫ్ ఒక్కటే తగ్గితే జీఏపీడీహెచ్ నిలబడాలి. ఆర్ఎన్ఏ శుద్ధిని కాంతితో కొలిచే నానోడ్రాప్ యంత్రం 2.0 (260/280 నిష్పత్తి, అంటే శుద్ధమని) చూపించినా నమ్మకండి, దానికి డీఎస్ఎస్ కనపడదు.

ముందు కంట్రోల్ ఆర్ఎన్ఏలో వాపున్న ఎలుకల ఆర్ఎన్ఏ కొంచెం కలిపి చూడండి. కంట్రోల్ సిగ్నల్ కూడా పడిపోతే డీఎస్ఎస్సే కారణమని ఖాయం. అప్పుడు దాన్ని ఇలా తీసేయండి:

1. ఆర్ఎన్ఏకి పదో వంతు 8 మోలార్ లిథియం క్లోరైడ్ కలిపి, ఐసులో 2 గంటలు ఉంచండి.
2. 4 డిగ్రీల్లో, 14,000 జీ దగ్గర 30 నిమిషాలు తిప్పండి. పైనీరు తీసేసి, అడుగున దిగిన ఆర్ఎన్ఏని (పెల్లెట్) 200 మైక్రోలీటర్ల నీళ్లలో కరిగించండి.
3. 1, 2 మళ్లీ చేయండి. అందరూ వదిలేసేది ఇదే! ఒక్కసారికి డీఎస్ఎస్ పూర్తిగా పోదు.
4. సోడియం అసిటేట్, ఇథనాల్‌తో దించి, 70 శాతం ఇథనాల్‌తో కడగండి.

పెల్లెట్ గాజుపొరలా ఉంటుంది, కంటికి ఆనదు. తిప్పేముందే, యంత్రంలో ట్యూబు బయటికి తిరిగి ఉండే వైపు (పెల్లెట్ అక్కడే చేరుతుంది) పెన్నుతో గీత పెట్టుకోండి, పిపెట్ అటు పోనివ్వకండి. కొంత ఆర్ఎన్ఏ పోతుంది, అందుకే ఎక్కువతో మొదలుపెట్టండి. ఆర్ఎన్ఏ పలచగా ఉంటే లిథియంతో అడుక్కి దిగదు.