సర్వర్ ఆపేశాక డిస్క్ ఎందుకు?

ప్రశ్న: పీఎస్4 (ప్లేస్టేషన్ 4) కోసం 'ది క్రూ' రేసింగ్ గేమ్ డిస్క్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఇన్‌స్టాల్ అయ్యింది గానీ సర్వర్‌కు కనెక్ట్ కాలేదంటూ మొదట్లోనే ఆగిపోతోంది. రౌటర్‌లో ఏమైనా మార్చాలా? మా తమ్ముడు పీసీలో ఇదే గేమ్‌కి యూట్యూబ్‌లో చూసి ఆఫ్‌లైన్ ప్యాచ్ (కంపెనీ సర్వర్ లేకుండానే గేమ్ నడిచేలా చేసే ఫైల్) వేస్తానంటున్నాడు. యాంటీవైరస్ ఆపితేనే ఎక్కుతుందట. వేయనివ్వొచ్చా?
– గుంటూరు నుంచి ఒక పాఠకుడు

జవాబు: రౌటర్ జోలికి వెళ్లకండి. మీ నెట్‌లోనూ డిస్క్‌లోనూ ఏ లోపమూ లేదు. ఆ గేమ్ సర్వర్లను 2024 మార్చి 31న శాశ్వతంగా ఆపేశారు. అమ్మకాలు 2023 డిసెంబరులోనే నిలిపేశారు. పాత డిస్కులు మాత్రం ఇంకా చేతులు మారుతున్నాయి. అందుకే ఈ ప్రశ్న నాకు మళ్లీ మళ్లీ వస్తోంది. అమ్మినవాళ్లు డబ్బు వెనక్కిస్తారేమో అడగండి.

2014 డిసెంబరులో వచ్చిన ఈ గేమ్‌లో అమెరికాను కుదించి ఒక్క మ్యాప్‌లో పెట్టారు. న్యూయార్క్‌లో బయలుదేరి లాస్ ఏంజెలిస్ దాకా ఎక్కడా లోడింగ్ కోసం ఆగకుండా వెళ్లిపోవచ్చు. ఒక్కరే కూర్చుని ఆడుకునే కథా ఉంది. కానీ ఆ కథ మొదలవ్వాలన్నా సర్వర్ ఒప్పుకోవాలి. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. పదిమందితో పోటీపడే ఆన్‌లైన్ మోడ్ ఏదో ఒకరోజు ఆగిపోతుందంటే అర్థం చేసుకోవచ్చు. సర్వర్లకు ఖర్చవుతుంది, ఆడేవాళ్లు తగ్గుతారు, కార్ల కంపెనీలతో చేసుకున్న లైసెన్సుల గడువు తీరుతుంది. మరి ఎవరితోనూ పనిలేకుండా ఒక్కడే ఆడుకునేవాడి దగ్గర్నుంచి కూడా గేమ్ లాక్కోవడం ఏమిటి?

చేతకాక అలా వదిలేశారనుకోవడానికీ లేదు. 'గ్రాన్ టూరిస్మో స్పోర్ట్' అనే మరో రేసింగ్ గేమ్ ఆన్‌లైన్ సేవలు 2024 జనవరి 31న ఆగాయి. అంతకు నెలల ముందే, 2023లో, నెట్ లేకపోయినా గేమ్ చాలావరకు నడిచేలా, ప్రోగ్రెస్ సేవ్ అయ్యేలా అప్‌డేట్ ఇచ్చారు. ఆన్‌లైన్ పోటీలు పోయాయి, గేమ్ మిగిలింది. 'ది క్రూ 2'కు కూడా 2025లో ఆఫ్‌లైన్ మోడ్ వచ్చింది. ఆటగాళ్లు గట్టిగా గొడవ చేశాక వచ్చింది. ఐరోపాలో ఇలాంటి మూసివేతలకు అడ్డుకట్ట వేయాలన్న పౌరుల వినతికి 10 లక్షలకు పైగా సంతకాలు పడ్డాయి. కాలిఫోర్నియాలో 2025 జనవరి నుంచి కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం, ఇస్తున్నది లైసెన్స్ (వాడుకునే అనుమతి) మాత్రమేనని స్పష్టంగా చెప్పకుండా ఇలాంటి డిజిటల్ సరుకు మీద 'కొనండి' అని రాయకూడదు. మన దగ్గర కూడా అట్ట మీద పెద్ద అక్షరాల్లో 'నెట్ తప్పనిసరి, సర్వర్ ఫలానా తేదీ దాకా' అని వేయించాలి.

ఇక మీ తమ్ముడి ప్యాచ్. నాకు అసలు టెన్షన్ దీని గురించే. అభిమానులు నిజంగానే కష్టపడి సొంత సర్వర్ ప్రోగ్రామ్ రాసి, 2025లో పీసీ ఆటగాళ్లకు ఈ గేమ్‌ను మళ్లీ అందించారు. వాళ్ల పనిని మెచ్చుకోవాలి. కానీ ఆ పేరు చెప్పుకుని ఎవరైనా ఏ ఫైలైనా పెట్టొచ్చు. ఇలాంటి మోసాల వరస నాకు బాగా తెలుసు. వీడియో కింద పొట్టి లింకు ఉంటుంది. నొక్కితే రెండు మూడు ప్రకటనల పేజీలు దాటాక జిప్ ఫైల్ దిగుతుంది. దానికి '1234' లాంటి పాస్‌వర్డ్ పెడతారు, లోపల ఏముందో యాంటీవైరస్ చూడకుండా. విప్పాక 'రియల్ టైమ్ ప్రొటెక్షన్ ఆపండి' అంటారు, అంటే యాంటీవైరస్ కాపలా తీసేయమని. ఇలా వచ్చే ఫైళ్లలో చాలావాటి పని బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డ్‌లను, లాగిన్ కుకీలను (మీరు ఇప్పటికే లాగిన్ అయ్యారని సైట్‌కు గుర్తుచేసే చిన్న ఫైళ్లను) ఊడ్చుకుపోవడమే. కుకీ దొరికితే పాస్‌వర్డ్ అడగదు, ఓటీపీ రాదు. మీ మెయిల్ ఇంకెక్కడో తెరుచుకుంటుంది.

నిజమైన ప్యాచ్‌ను కూడా యాంటీవైరస్ ఒక్కోసారి పొరపాటున ఆపుతుంది. అయినా ఏది పొరపాటో తేల్చుకోలేనప్పుడు ఆపనివ్వడమే మేలు. అంతగా ఆడాలనుంటే ఆ ప్రాజెక్టు సొంత సైట్ నుంచే తీసుకోమనండి. అదీ మెయిల్, బ్యాంకు పనులు జరగని కంప్యూటర్‌లోనే. గేమ్ అకౌంట్‌కూ మెయిల్‌కూ ఒకే పాస్‌వర్డ్ పెట్టుకునేవాళ్లు ఇంకా ఎంతమందో! ఎన్నిసార్లు రాసినా మారరు. మీ తమ్ముడిదీ అంతే అయితే ఈ రోజే మార్పించండి.

అతను ఇప్పటికే ఆ ఫైల్ నడిపేసి ఉంటే ఆ కంప్యూటర్‌లో ఇంకేమీ టైప్ చేయొద్దు. నెట్ తీసేసి, ఫోన్ నుంచి ముందు మెయిల్ పాస్‌వర్డ్ మార్చి, అన్ని పరికరాల్లోనూ సైన్ అవుట్ చేయండి. తర్వాత బ్యాంకు, గేమ్ అకౌంట్లు. స్టోర్‌లో కార్డు సేవ్ చేసి ఉంటే తీసేయండి. ఆ పైన విండోస్‌ను మొదట్నుంచీ కొత్తగా వేయించండి. ఫైల్‌ను డిలీట్ చేసి ఊరుకుంటే సరిపోదు.