నాన్నగారికి డిమెన్షియా అని తెలిశాక జీపీఏ ఒక్కటే సరిపోతుందా?

విజయవాడ సత్యనారాయణపురంలో ఉంటున్న మీ నాన్నగారు రైల్వేలో పనిచేసి రిటైరయ్యారనీ, డిమెన్షియా (జ్ఞాపకం, ఆలోచన క్రమంగా తగ్గిపోయే జబ్బు) తొలి దశలో ఉందని డాక్టరుగారు చెప్పారనీ, ఇప్పుడే మీ పేరున జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ (జీపీఏ, అంటే తన తరఫున వ్యవహారాలు నడిపే అధికారాన్ని మరొకరికి ఇచ్చే దస్తావేజు) రిజిస్టరు చేయించుకుంటే పింఛను ఖాతా, స్థలం వ్యవహారం మున్ముందు మీరే చూసుకోవచ్చా అనీ అడిగారు. జీపీఏ ఒక్కటే నమ్ముకుంటే చూసుకోలేరు. ఐదేళ్ల కిందట గుంటూరులో మేము కూడా అదే నమ్మకంతో జీపీఏ రాయించుకున్నాం. సరిగ్గా అది అవసరపడిన రోజున చెల్లదని తెలిసింది.

1872 నాటి కాంట్రాక్టు చట్టం 201వ సెక్షన్ ప్రకారం, అధికారం ఇచ్చిన మనిషి మతిస్థిమితం కోల్పోతే, పుచ్చుకున్న మనిషి అధికారం కూడా అక్కడితో ముగుస్తుంది. దస్తావేజు రిజిస్టరైందా లేదా అన్నదానితో దీనికి సంబంధం లేదు. మతి తప్పిన తరువాత కూడా నిలిచే పవర్ ఆఫ్ అటార్నీ మన చట్టంలో లేదు. నేను జీపీఏ పట్టుకుని బ్యాంకుకు వెళ్లినప్పుడు మేనేజరుగారు "నాన్నగారు ఎలా ఉన్నారమ్మా, విషయం అర్థం చేసుకోగలుగుతున్నారా?" అని అడిగారు. నిజం చెప్పాను. ఆవిడ ఎంతో మర్యాదగానే ఆ కాగితాన్ని తిరిగి నా చేతికిచ్చారు. సంగతి దాచి నెట్టుకొచ్చేవాళ్లు ఉన్నారు గానీ, అలా అమ్మిన స్థలం మీద రేపు తోబుట్టువులు దావా వేస్తే కొన్నవాళ్లూ అమ్మినవాళ్లూ కలిసి మునుగుతారు కనుక, ఆ దారి నేను చెప్పను.

కాబట్టి నాన్నగారికి విషయం తెలుస్తున్న ఈ రోజుల్లోనే, ఆయన ఇష్టప్రకారం, ఆయన చేతులమీదుగా జరగవలసిన పనులు చాలా ఉన్నాయి. మొదటిది పింఛను ఖాతా. కేంద్రప్రభుత్వ పింఛనుదారులు భార్యతో కలిసి ఉమ్మడి ఖాతా నడుపుకోవచ్చు. ఇద్దరిలో ఎవరైనా తీసుకునే 'ఐదర్ ఆర్ సర్వైవర్' పద్ధతిని ఎంచుకుంటే, అమ్మగారి సంతకంతో ఇల్లు గడుస్తుంది. ఫిక్స్‌డ్ డిపాజిట్ల దగ్గర ఒక మెలిక ఉంది: అదే పద్ధతిలో ఉన్న డిపాజిట్టు గడువు తీరాక ఒకరి సంతకం చాలినా, గడువుకు ముందే తీయాలంటే సాధారణంగా ఇద్దరి సంతకాలూ అడుగుతారు. మా డబ్బంతా ఒకే పెద్ద రసీదులో ఉండిపోయి, నాన్నగారు ఆసుపత్రిలో ఉన్న నెలలో అప్పు చేయవలసి వచ్చింది. మీరు దానిని చిన్న మొత్తాలుగా, వేరువేరు గడువులకు విడదీయించండి. నామినేషన్లు కూడా సరిచూడండి. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురి దాకా నామినీలను పెట్టుకోవచ్చు. అయితే నామినీ ఆ డబ్బును వారసుల తరఫున అందుకునే మనిషే తప్ప సొంతదారు కాడు.

వీలునామా సంగతికి వస్తే, జబ్బు పేరు డాక్టరు నోట వచ్చినంత మాత్రాన రాసే హక్కు పోదు. 1925 వారసత్వ చట్టం 59వ సెక్షన్, రాసే సమయంలో మనసు తేటగా ఉందా లేదా అనే చూస్తుంది. ఇద్దరు సాక్షులు ఉండాలి. వాళ్లు ఆస్తి పొందేవాళ్లు కాకపోవడం మంచిది. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాకపోయినా చేయించండి. అదే రోజున న్యూరాలజిస్టు చేతగానీ, మానసిక వైద్యుని చేతగానీ "ఆస్తి వివరాలు, వారసుల పేర్లు చెప్పగలుగుతున్నారు, రాస్తున్నది అర్థమైంది" అన్న ధ్రువపత్రం తీసుకోండి. మా నాన్నగారికి ఉదయం కాఫీ తాగిన తరువాత పదకొండింటి దాకా ఎంతో స్పష్టత ఉండేది, సాయంత్రమయ్యేసరికి ఏ ఊళ్లో ఉన్నారో కూడా తెలిసేది కాదు. అందుకే కాగితాల పనులన్నీ పొద్దుటిపూటే పెట్టుకున్నాం.

ఇంటిని పిల్లల పేరున దఖలు రాసేయమని బంధువులు సలహా ఇస్తారు. అమ్మానాన్నల తలమీది నీడను అలా వదులుకోకూడదని నా గట్టి అభిప్రాయం. రాయక తప్పకపోతే, వారిని పోషించాలన్న షరతును దస్తావేజులోనే స్పష్టంగా రాయించండి. ఆ షరతు తప్పినప్పుడు 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం 23వ సెక్షన్ కింద ట్రిబ్యునల్ ఆ దస్తావేజును రద్దు చేయగలదు.

మీరు అడగని సంగతి ఒకటి చెప్పాలి, ఎందుకంటే మా ఇంట్లో అసలు నష్టం అక్కడే జరిగింది. మా నాన్నగారు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారం చేశారు. తెలిసినవాళ్లకు ప్రామిసరీ నోటు మీద అప్పులిచ్చేవారు. బీరువా తెరిచేసరికి తొమ్మిది నోట్లు కనిపించాయి. వాటిలో మూడింటికి కాలదోషం పట్టింది. నోటు రాసిన మూడేళ్లలోగా దావా వేయాలి, లేదా కొంత జమ కట్టించుకుని నోటు వెనుక బాకీదారు చేత చెల్లు రాయించాలి. అది రాయించిన రోజు నుంచి మళ్లీ మూడేళ్లు లెక్క. ఆ తేదీలను తలలో పెట్టుకుని జీవితమంతా నడిపిన మనిషి, వాటిని మరిచిపోతున్న సంగతి మాలో ఎవరూ గమనించలేదు. అంతకన్నా బాధ కలిగించినది మరొకటి ఉంది. బాకీ మొత్తం తీర్చేసిన ఒక పెద్దమనిషి ఇంటికి వెళ్లి, నోటు ఇంకా తన దగ్గరే ఉన్నందున, నాన్నగారు మళ్లీ డబ్బు అడిగారు. ఆయన చిన్నబుచ్చుకుని నాకు ఫోను చేసినప్పుడు సిగ్గుతోనూ దుఃఖంతోనూ మాట పెగల్లేదు. ఆ తరువాత నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్క నోటూ పుస్తకంలో ఎక్కించాం, బాకీదారులను ఇంటికి పిలిచి లెక్క తేల్చాం, తీరిన నోట్లు వారి ఎదుటే చించేశాం, ఒప్పుకున్నవారి చేత మిగిలిన బాకీకి అమ్మ పేరున కొత్త నోట్లు రాయించాం. మీ నాన్నగారు ఎవరికైనా చేబదులు ఇచ్చారా, చీటీలు కడుతున్నారా, ఎవరికైనా హామీ సంతకం పెట్టారా అన్నది ఈ నెలలోనే అడిగి రాసుకోండి.

ఫోనులో యూపీఐ పరిమితిని తగ్గించండి, బ్యాంకు సందేశాలు మీకు కూడా చేరేలా చూడండి. మోసం జరిగితే వెంటనే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోను చేయాలి. అయితే చేతిలో రూపాయి లేకుండా మాత్రం చేయకండి. మా నాన్నగారి జేబులో రోజూ అయిదు వందలు ఉంచేవాళ్లం. అవి ఉన్నాయని తడిమి చూసుకున్నాకే ఆయన గడప దాటేవారు.

ఇవేవీ జరగకముందే మనసు పూర్తిగా మసకబారితే మిగిలేది కోర్టు దారి. పాత 1987 మానసిక ఆరోగ్య చట్టం కింద జిల్లా కోర్టు ఆస్తికి సంరక్షకుణ్ణి పెట్టగలిగేది. దాని స్థానంలో వచ్చిన 2017 చట్టంలో ఆ ఏర్పాటు లేదు, అందులోని నామినేటెడ్ ప్రతినిధి వైద్యం వరకే. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 14వ సెక్షన్ కింద పరిమిత సంరక్షణ (కొన్ని నిర్ణయాలకు, కొంత కాలానికి ఆయనతో కలిసి నిర్ణయించే అధికారం) కోరవచ్చు, లేదా అమరావతిలోని హైకోర్టులో రాజ్యాంగం 226వ అధికరణం కింద రిట్ పిటిషన్ వేయవచ్చు. ఇందుకు వైద్య నివేదికలు, ఆస్తుల జాబితా, మిగతా వారసుల సమ్మతి సిద్ధంగా ఉంచుకోవాలి. అమ్మగారి పేరున వేస్తే, స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయరును ఇస్తుంది.

దూరంలో ఉన్న మీ అన్నయ్య అనుమానపడతారేమో అన్నారు. మా తమ్ముడు పుణెలో ఉంటాడు. మందులు, ఆయా జీతం, పింఛను రాబడి రాసిన పుస్తకం పేజీని ప్రతి నెలా ఒకటో తేదీన ఫొటో తీసి వాడికి పంపుతూ వచ్చాను, అడిగినా అడగకపోయినా. వీలునామా రోజున మీ అన్నయ్యను రమ్మనండి, రాలేకపోతే ఏం రాస్తున్నారో నాన్నగారి నోటనే ముందుగా ఫోనులో చెప్పించండి. బ్యాంకుకు కూడా నాన్నగారిని పొద్దుటిపూట మీరే తీసుకువెళ్లి, ఆఫీసరు అడిగిన ప్రశ్నలకు ఆయననే జవాబు చెప్పనివ్వండి. మాట వెతుక్కుంటూ ఆలస్యమైనా మీరు అందుకోకండి.