సమయాభావం వల్ల వదిలేసిన ప్రశ్న

అబ్బాయ్,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను, రెండోసారి ఒళ్లు మండుతూ చదివాను. భాష బాగుంది, అది పక్కన పెడదాం. మీ లా కాలేజీ డిబేట్‌లో రాజ్యాంగ మౌలిక స్వరూపం, అంటే పార్లమెంటు కూడా చెరపకూడని మూల లక్షణాల మీద ఎవరేమన్నారో పూసగుచ్చినట్టు రాశావు, పార్లమెంటు పెద్దదా సుప్రీంకోర్టు పెద్దదా అని ఇటు కొందరు అటు కొందరు, చివర్లో 'ఇరు వాదనల్లోనూ బలముంది' అని చేతులు దులుపుకున్నావు. మధ్యలో ఎక్కడో రంపచోడవరం నుంచి వచ్చిన అమ్మాయి లేచి 'మా ఏజెన్సీ టీచరు పోస్టుల తీర్పు గురించి మాట్లాడరా సార్' అని అడిగిందట. దాని మీద నీ వాక్యం ఒకే ఒక్కటి: 'సమయాభావం వల్ల ఆ అంశం చర్చకు రాలేదు.' అసలు డిబేట్ అదేనయ్యా!

ఆ అమ్మాయి అడిగింది చిన్న విషయమా? 2000లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 3 ఇచ్చింది, షెడ్యూల్డ్ ప్రాంతాల బళ్లలో టీచరు పోస్టులు 100 శాతం స్థానిక గిరిజనులకే అని. బయటి నుంచి వెళ్లిన పంతుళ్లు సరిగా బడికి రావడం లేదన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టులో 5గురు జడ్జీల ధర్మాసనం ఆ జీవో చెల్లదంది. గిరిజన ప్రాంతాల పాలన గురించి చెప్పే రాజ్యాంగంలోని ఐదో షెడ్యూలు కింద గవర్నరుకు చట్టాలు మార్చే అధికారం ఉన్నా అది ప్రాథమిక హక్కులను దాటకూడదంది. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవాళ్లను మాత్రం షరతు పెట్టి కదపలేదు. చూశావా, రాజ్యాంగంలో ఒక పేజీ ఇంకో పేజీతో పేచీకి దిగింది. మీ హాల్లో ఆ పేచీ అనుభవించిన మనిషి బహుశా ఆమె ఒక్కతే, ఆమెకే మైకు దొరకలేదు, అది నీకు వింతగానైనా తోచలేదు.

నేనెప్పుడూ చెప్పేది ఒకటే, కేసు గురించి రాసేటప్పుడు ముందు మనిషి రావాలి, ఆర్టికల్ తర్వాత. గోలక్‌నాథ్ తీర్పు ఇచ్చిన కోకా సుబ్బారావు గారు మన రాజమండ్రిలోనే పుట్టారని మీవాళ్లు చప్పట్లు కొట్టారన్నావు, సంతోషం. మరి ఆ గోలక్‌నాథ్‌లెవరు? జలంధర్‌లో 500 ఎకరాల పైచిలుకు ఉన్న కుటుంబం. పంజాబ్ భూమి చట్టం తలా 30 ఎకరాలు ఉంచుకోమంది, కొంత కౌలుదార్లకు, మిగతాది మిగులు భూమి. 1967లో మెజారిటీగా 6గురు జడ్జీలు ప్రాథమిక హక్కులకు పార్లమెంటు కోత పెట్టకూడదన్నారు, కానీ ఆ సూత్రం ఇకముందుకే వర్తిస్తుందన్నారు, దాంతో కేసు వేసినవాళ్లకు సిద్ధాంతం మిగిలింది గానీ పొలం దక్కలేదు. ఇక కౌలు రైతు ఊసైతే మీ డిబేట్‌లో ఒక్కరూ ఎత్తలేదు. కోనసీమలో కూర్చుని! 2011లో సాగు గిట్టుబాటు కాక పంట విరామం ప్రకటించిన నేల మీద కూర్చుని, కౌలు మాట రాకుండా భూమి కేసు మీద గంటలు గంటలు మాట్లాడటం మనవాళ్లకే చెల్లింది.

నేను రాయడం నేర్చుకున్నది వకీలు గుమాస్తాగా. పగలు దావాలు, రాత్రి కథలు. దావాలో సర్వే నంబరు, నాలుగు వైపులా హద్దులు లేకపోతే మా వకీలుగారు కాగితం మొహాన కొట్టేవారు. అదే అలవాటుతో గట్టు తగాదా మీద కథ రాస్తే ఒక వారపత్రిక ఎడిటరు హద్దులన్నీ కొట్టేసి, తనకు తోచిన ప్రేమ సన్నివేశమొకటి ఇరికించి వేసుకున్నాడు, పారితోషికం కూడా ఎగ్గొట్టాడు. ఆయన పోయాడు, నా కోపం పోలేదు. ఇప్పటి ఎడిటర్లు ఇంకో రకం, శీర్షికలో 'రాజ్యాంగ నైతికత' ఉంటే చాలు, లోపల మనిషి ఉన్నాడో లేడో చూడరు. నువ్వు రాస్తున్నది వాళ్ల కోసమేనని నా అనుమానం.

ప్రాక్టీసు పెట్టాలా, ఎల్‌ఎల్‌ఎం చేయాలా అని పేజీడు అడిగావు. అది మీ నాన్నగారితో మాట్లాడుకో.

ముందు ఆ అమ్మాయిని కలువు. వాళ్ల ఊరి బళ్లో ఇప్పుడు ఎవరు పాఠం చెబుతున్నారు, రోజూ వస్తున్నారా, పిల్లల ఇంటి భాష వాళ్లకు వచ్చా, అన్నీ అడుగు. ఆ జీవో ఉన్నప్పుడు డీఎస్సీ రాసి, ఏజెన్సీ పోస్టుకు అర్హత లేదని ఆగిపోయిన మైదానం కుర్రాడెవరైనా దొరికితే వాడి మాటా రాయి, వాడిదీ బాధే. తీర్పు మొత్తం చదువు, కోచింగ్ నోట్సు కాదు. గోలక్‌నాథ్‌లో 9 మంది జడ్జీలని రాశావు, 11 మంది. ఈసారి ప్రింటు తీసి పోస్టులో పంపు, ఫోన్‌లో చదవడం నా వల్ల కాదు.