వేలిముద్ర, సంతకం, నక్షత్రం గుర్తు

ప్రశ్న: నేను గుంటూరులో జర్నలిజం పీజీ మొదటి సంవత్సరం చదువుతున్నాను. ఈ సెమిస్టరులో మాకు మూడు వ్యాసాలు రాయమన్నారు. మొదటిది, మా ఇంట్లోకి చదువు ఎలా వచ్చిందన్నది. నెల్లూరు జిల్లాలో ఉండే మా అమ్మమ్మ 1990ల మొదట్లో అక్షరదీపం రాత్రి బడికి వెళ్లి, వేలిముద్ర మాని సంతకం పెట్టడం ఎలా నేర్చుకుందో రాశాను. రెండవది, ఒక ప్రకటనను విశ్లేషించడం. దినపత్రికలో పూర్తి పేజీ వచ్చిన ఒక ఇళ్ల స్థలాల వెంచర్ ప్రకటనను తీసుకున్నాను. మొదటిదానికి మంచి మార్కులు వచ్చాయి. రెండవదాని మీద మాత్రం మా మేడమ్ “ప్రకటనలో ఏముందో చెప్పావు, దాన్ని ఎందుకు నమ్ముతామో చెప్పలేదు” అని రాశారు. ఇప్పుడు ఈ రెండూ రాసిన అనుభవం మీద మూడవ వ్యాసం రాయాలి. అక్షరాస్యతకూ ప్రకటనలకూ ఉన్న సంబంధమేమిటో నాకు అంతుపట్టడం లేదు. మా అమ్మమ్మ ప్రకటనలు చదవదు. సబ్బునైనా, టీపొడినైనా పొట్లం రంగును బట్టి, దాని మీది బొమ్మను బట్టి గుర్తుపడుతుంది. నన్ను ఏం రాయమంటారు?
— ఒక విద్యార్థిని, గుంటూరు

జవాబు: మీరు వెతుకుతున్న సంబంధాన్ని ఉత్తరం చివర మీరే రాసి, గమనించకుండా పంపించారు. పొట్లం రంగును, బొమ్మను చూసి సరుకు కొనే మనిషిని దృష్టిలో పెట్టుకొని మన సుప్రీంకోర్టు 1962లోనే ఒక తీర్పు చెప్పింది. ‘అమృతధార’ అనే మందు అప్పటికే బజారులో ఉండగా, ‘లక్ష్మణధార’ అనే పేరును నమోదు చేయవచ్చా అన్నది వివాదం. రెండు పేర్లనూ పక్కపక్కన పెట్టి, అక్షరం అక్షరం విడదీసి చూస్తే తేడా తెలుస్తుంది కదా అన్న వాదనను కోర్టు అంగీకరించలేదు. కొనేవారిలో పల్లెవాళ్లూ పట్నవాసులూ, చదువుకున్నవాళ్లూ చదువు రానివాళ్లూ ఉంటారని, వారి మనసులో పేరు పూర్తిగా కాక లీలగా మాత్రమే నిలుస్తుందని, అందువల్ల పొరపాటు పడే అవకాశం ఉందని చెప్పింది. చదువుకున్నవాళ్లను కూడా అదే వాక్యంలో చేర్చడాన్ని మీరు గమనించాలి. దుకాణం ముందు నిలబడినప్పుడు అమ్మమ్మకూ మనవరాలికీ మధ్య మీరనుకున్నంత దూరం లేదు. మీరు కూడా టీపొడి పొట్లాన్ని చదివి కొంటున్నారా, చూసి కొంటున్నారా అన్నది ఈసారి కొన్నప్పుడు గమనించుకోండి.

ఇక మీ మొదటి వ్యాసంలో సరిదిద్దవలసిన మాట ఒకటుంది. ఉత్తరంతో జతచేసిన ప్రతిలో “సంతకం పెట్టిన రోజే అమ్మమ్మ అక్షరాస్యురాలైంది” అని రాశారు. జనగణన లెక్క వేరు. ఏడేళ్లు, ఆపై వయసున్నవారు ఏదో ఒక భాషలో అర్థం చేసుకుంటూ చదవగలిగి, రాయగలిగినప్పుడే వారిని అక్షరాస్యులుగా లెక్కిస్తారు. చదవడం వచ్చి రాయడం రానివారు కూడా ఆ లెక్కలోకి రారు. 2011 జనగణనలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత 67.02 శాతమని తేలింది ఈ కొలత ప్రకారమే. సంతకం మాత్రమే వచ్చిన మనిషికి తన పేరు ఒక బొమ్మగా వస్తుంది, చేయి ఆ బొమ్మను గీస్తుంది. బ్యాంకు కాగితం మీద ఎక్కడ సంతకం చేయాలో అమ్మమ్మకు తెలుసునని, ఆ కాగితంలో ఏముందో మాత్రం మీ చేత చదివించుకుంటుందని మీరే మరో పేరాలో రాశారు. ఆ రెండు వాక్యాల మధ్య ఉన్న ఖాళీని మీరు చూడకుండా దాటేశారు. ఆమెను తక్కువ చేయడానికి ఈ మాట అనడం లేదు. వేలిముద్ర వేయడంలో ఉన్న నామోషీ నుంచి బయటపడటం చిన్న విషయం కాదు. అయితే గౌరవం దక్కడం వేరు, కాగితం మన వశం కావడం వేరు.

ఆ రాత్రి బళ్ల కథలో మీ వ్యాసానికి దగ్గరగా వచ్చే భాగాన్ని కూడా మీరు వదిలేశారు. అక్కడి వాచకంలో, ఆడవాళ్లు ఏకమైతే ఊళ్లో సారా దుకాణం ఎలా మూతపడుతుందో చెప్పే పాఠం ఉండేది. దాన్ని విని, మాట్లాడుకొని, నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు 1992లో తమ ఊరి సారా దుకాణాన్ని నిజంగానే మూయించారు. వాళ్లకు ముందు నిలిచిన దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. ఉద్యమం జిల్లాలు దాటింది, 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం రాష్ట్రంలో సారాను నిషేధించింది. ఒక చేత్తో సారా ఆదాయం పుచ్చుకుంటున్న ప్రభుత్వం మరో చేత్తో పంచిన పలకా బలపం ఇంత పని చేస్తాయని బహుశా ఎవరూ ఊహించి ఉండరు. ఆ స్త్రీలలో చాలామందికి అప్పటికి అక్షరాలు పూర్తిగా కూడా వచ్చి ఉండవు. కానీ పాఠం ముగిశాక “మన ఊళ్లో సంగతేమిటి?” అని అడిగే తీరిక, పక్కన పది మంది తోడు వాళ్లకు ఉన్నాయి. అమ్మమ్మ ఆ రోజుల్లో ఆ పాఠం విన్నదో లేదో, ఊళ్లో ఏం జరిగిందో ఆమెనే అడగండి. ఆ సమాధానం ఏదైనా మీ వ్యాసానికి అవసరమే.

ప్రకటన మీకు ఆ తీరికను ఇవ్వదు. మీరు ఎంచుకున్న వెంచర్ ప్రకటననే చూద్దాం. రంగులు ఆకర్షణీయంగా ఉన్నాయని, నవ్వుతున్న కుటుంబం ఉందని రాసి ఊరుకున్నారు. కానీ అందులో దూరాలన్నీ నిమిషాల్లో ఉన్నాయి, ఒక్కటి కూడా కిలోమీటర్లలో లేదు. విమానాశ్రయానికి 15 నిమిషాలు అంటే తెల్లవారుజామునా, సాయంత్రం రద్దీలోనా? ‘హైవేకు కూతవేటు దూరంలో’ అని కూడా ఉంది. కేక వేస్తే వినిపించేటంత దూరమని ఆ మాటకు అర్థం. స్థలాల వ్యాపారంలో ఆ కేక మైళ్ల కొద్దీ సాగుతుంది. ఇక గజం ధర పక్కన ఒక నక్షత్రం గుర్తు, పేజీ అడుగున అదే గుర్తు, దాని పక్కన చీమల బారులాంటి అక్షరాల్లో ‘షరతులు వర్తిస్తాయి’ అన్న మాట. ఆ షరతులేమిటో పేజీ మొత్తంలో ఎక్కడా లేవు. తెలుగు చదవగలిగిన ఎవరైనా ఆ రెండు మాటలు చదవగలరు, చదివి ఏమీ తెలుసుకోలేరు. సంతకం వచ్చి కాగితం చదవలేని అమ్మమ్మ స్థితిలోకి ఆ నక్షత్రం గుర్తు పీజీ చదివే మనవరాలిని కూడా తెచ్చి నిలబెట్టింది. మేడమ్ అడిగిన ‘ఎందుకు నమ్ముతాం’ అన్న ప్రశ్నకు జవాబు ఈ దారిలో దొరుకుతుందని నా నమ్మకం.

ఆ ప్రకటనలో మీరు వెతకవలసింది మరొకటి ఉంది. ఇళ్లు, స్థలాల వ్యాపారాన్ని నియంత్రించే 2016 నాటి రెరా చట్టం ప్రకారం, నమోదు కావలసిన వెంచర్ల ప్రకటనల్లో రెరా ప్రాధికార సంస్థ వెబ్‌సైట్ చిరునామా, నమోదు సంఖ్య స్పష్టంగా ఉండాలి. ప్రకటనలోని తప్పుడు మాటను నమ్మి బయానా ఇచ్చి నష్టపోయినవారు పరిహారం కోరవచ్చునని కూడా ఆ చట్టంలో ఉంది. అంటే ప్రకటనలోని మాటకు చట్టం దృష్టిలో కొంత బరువుంది. దాన్ని ఉత్త అలంకారంగా చూసి వదిలేయడం మీ విశ్లేషణలోని లోపం.

మూడవ వ్యాసాన్ని “ఈ అసైన్‌మెంట్ల ద్వారా ఎన్నో కొత్త విషయాలు తెలుసుకున్నాను” అని మాత్రం మొదలుపెట్టకండి. అలాంటి వాక్యాలు దిద్దీ దిద్దీ విసిగిపోయినవాడిని కాబట్టి చెబుతున్నాను. మీరు మొదట ఏమని రాశారో ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఎత్తి రాసి, అది ఎక్కడ పొరపాటో, ఏది చూశాక ఆ సంగతి తెలిసిందో చెప్పండి. వీలైతే ఈ ఆదివారం ఊరు వెళ్లి, ఆ పూర్తి పేజీ ప్రకటనను అమ్మమ్మకు మొదటి నుంచి చివరి దాకా పైకి చదివి వినిపించండి. ఆమె మధ్యలో ఆపి అడిగే ప్రశ్నలను మీ భాషలోకి మార్చకుండా రాసుకోండి.

ప్రశ్న: మా తరగతిలో చాలామంది, ప్రకటనలు చదువుకు శత్రువులని తేల్చేశారు. నేనూ అలాగే రాయవచ్చా?
— అదే విద్యార్థిని

జవాబు: తెలుగు పత్రికల చరిత్ర తెలిసినవారు అలా రాయలేరు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారీ మొదలుపెట్టారు. ఆ తలనొప్పి మందు మీద వచ్చిన డబ్బుతోనే 1908లో అక్కడ ఆంధ్రపత్రికను వారపత్రికగా స్థాపించి, 1914లో మద్రాసు నుంచి దినపత్రికగా నడిపారు. 1924లో భారతి మాసపత్రిక వచ్చింది. కేసరి కుటీరం మందులు అమ్మిన కె.ఎన్. కేసరి గారు 1928లో స్త్రీల కోసం గృహలక్ష్మి పత్రికను ప్రారంభించారు. ఆ పత్రికలు లేకపోతే ఎన్ని ఇళ్లలో ఆడవాళ్ల చేతికి అచ్చుకాగితం అందేదో ఆలోచించండి. మీరు చదువుతున్న ఈ పేజీ కూడా వెనక అట్ట మీది ప్రకటన పుణ్యమే.

ప్రశ్న: తెలుగు ప్రకటనలో వాగ్దానం తెలుగులో పెద్దగా వేసి, మినహాయింపులను ఇంగ్లిషులో కంటికి ఆనని అక్షరాలతో వేస్తున్నారు. ఇది చట్టసమ్మతమేనా?
— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, ఖమ్మం

జవాబు: కాదు. తప్పుదోవ పట్టించే ప్రకటనల నివారణకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూన్‌లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, వాగ్దానం ఏ భాషలో ఉంటే మినహాయింపు కూడా అదే భాషలో ఉండాలి, అక్షరాలు కూడా అదే తీరువి కావాలి. పైన ఇచ్చిన హామీని కింద మినహాయింపుతో తలకిందులు చేయడానికి కూడా వీల్లేదు. తప్పుదోవ పట్టించిన ప్రకటనకు పది లక్షల రూపాయల వరకు, మళ్లీ చేస్తే యాభై లక్షల వరకు జరిమానా విధించే అధికారం ఆ సంస్థకు ఉంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయవచ్చు. ప్రకటన వచ్చిన పేజీని తేదీ కనిపించేటట్లు ఫొటో తీసి దగ్గర పెట్టుకోండి. అది మా పత్రికలో వచ్చిన ప్రకటనే అయినా మొహమాటపడవద్దు.