అన్నయ్యకు తిండి తగ్గించకు

చిరంజీవి స్వాతికి, అత్త ఆశీస్సులు.

ఉద్యోగానికి సెలవు పెట్టి కిడ్నీలు పాడై డయాలసిస్ చేయించుకుంటున్న నాన్నను చూసుకోవడానికి సోంపేట వస్తున్నావని మీ అమ్మ చెప్పింది. విని గర్వంగా అనిపించింది. కానీ పథ్యం పేరుతో మా అన్నయ్య నోరు కట్టేస్తావేమోనని ఒకటే టెన్షన్.

వారానికి మూడు డయాలసిస్‌లలో ఒక్కటీ మానిపించకు. ఫిస్టులా (డయాలసిస్ కోసం ఆపరేషన్ చేసి రక్తనాళాలు కలిపిన చోటు) ఉన్న చేతికి సూది గుచ్చనివ్వకు, బీపీ పట్టీ కట్టనివ్వకు. మిగతావి అక్కడి సిస్టర్లే చెబుతారు.

మీ మామయ్య సంగతి నీకు పూర్తిగా తెలియదు. డయాలసిస్ మొదలుకాక ముందు డాక్టరు గారు పప్పు తగ్గించమని, మాంసం, గుడ్డు మానమని కాగితం రాసిచ్చారు. పాడైన కిడ్నీ మీద భారం పడకుండా అప్పటికది సరైన మాటే. డయాలసిస్ మొదలయ్యాక అది చెల్లదని సిస్టరు చెప్పినా ఆయన వినలేదు. దేవుడి గూట్లో పెట్టుకుని మరీ పాటించారు. చారన్నం నాలుగు ముద్దలు తిని లేచిపోయేవారు. రక్తం కడిగేటప్పుడు మలినాలతో పాటు ఒంటికి కావలసిన అమైనో ఆమ్లాలు కూడా ప్రతిసారీ కొన్ని గ్రాములు పోతాయి. అందుకే డయాలసిస్ చేయించుకునేవాళ్లకు కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల ప్రోటీన్ కావాలి. ఆయన అందులో సగమైనా తిని ఉండరు.

బరువు తగ్గితే ఎవరైనా కనిపెట్టేవారు. కాటా మీద అంకె మాత్రం కదల్లేదు. ఒకరోజు చెయ్యి కడుక్కోవడానికి లేస్తే చేతి గడియారం మోచేతి దాకా జారిపోయింది. కాళ్లు చూస్తే వాపు. కండ కరిగిన చోటల్లా నీరు చేరింది. కాటాకి రెండూ ఒకటే కదా! రక్తపరీక్షలో అల్బుమిన్, అంటే రక్తంలో ఉండే ప్రోటీన్, 3 కూడా లేదు. డ్రై వెయిట్ (ఒంట్లో అదనపు నీరు లేనప్పుడు ఉండాల్సిన బరువు) కిందికి దించి నీరంతా తీసేశాక మంచం మీద ఎముకలే మిగిలాయి. తర్వాత తినిపించుకుంటూ వస్తే మనిషి తేరుకున్నారు గానీ, ఆ పాత భుజాలు మళ్లీ రాలేదు.

అందుకే చెబుతున్నా. ప్రభుత్వం ఇచ్చే 10,000 పింఛనులో ముందు గుడ్లకూ చేపకూ పక్కన పెట్టు. తెల్లసొన మంచిది. ఒక్కోదానిలో సుమారు 3.5 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది, ఫాస్ఫరస్ చాలా తక్కువ. ఎన్ని పెట్టాలో డైటీషియన్‌ను అడుగు. ఫాస్ఫరస్ తగ్గించే బిళ్ల రాసి ఉంటే అన్నంతోనే వేయించు. కూరముక్కలు ఎక్కువ నీళ్లలో ఉడికించి వార్చెయ్, పొటాషియం తగ్గుతుంది. మన ఉద్దానంలో చూడవచ్చిన ప్రతివాళ్లూ కొబ్బరిబోండాలు, పనసపండు తెస్తారు. మొహమాటపడకుండా తిప్పి పంపెయ్. పొటాషియం పెరిగితే గుండె ఆగిపోవచ్చు. నాకు అన్నిటికంటే అదే భయం.

తినకపోతే అరవకు. రక్తంలో మలినాలు పేరుకుంటే ఆకలి చస్తుంది, నోరు చేదెక్కుతుంది. కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెట్టు. నువ్వేమో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని భోజనం ఎగ్గొడతావు. ఆ పని అక్కడ చేశావంటే ఊరుకోను! పక్కన కూర్చుని తిను, నీకోసమైనా వాడు ఇంకో ముద్ద తింటాడు. చిన్నప్పుడు చేపల పులుసు వండిన రోజు తన ముక్క నా కంచంలో వేసి, పులుసుతోనే తినేసేవాడు మా అన్నయ్య. ఇప్పుడు ఆ ముక్క వాడి కంచంలో పడాలి.

రిపోర్టు వచ్చినప్పుడల్లా అల్బుమిన్ ఎంతుందో నాకు వాట్సాప్ చెయ్యి.

మీ అత్త