పోయింది ఆయిలా, ఆయిల్ ఒత్తిడా: వారంటీ తేలేది అక్కడే

ప్రశ్న: హైదరాబాద్‌లో 11 లక్షల 40 వేలు పెట్టి కొత్త పెట్రోల్ కారు కొన్నాను. వారంటీ మూడేళ్లు. 16వ నెలలో, 34,600 కిలోమీటర్లు తిరిగాక, నాన్నగారిని హైదరాబాద్ ఆసుపత్రిలో చూపించుకుని వస్తుంటే నకిరేకల్ దాటాక ఎర్ర దీపం వెలిగింది. సూర్యాపేట చేరకముందే పెద్ద శబ్దంతో ఇంజన్ ఆగిపోయింది. ఆ రాత్రంతా రోడ్డు మీదే గడిపాం. 30,000 కిలోమీటర్ల సర్వీసు తమ దగ్గర చేయించలేదు కనుక ఆయిల్ లేక ఇంజన్ సీజ్ అయిందని (బిగుసుకుపోయిందని), వారంటీ వర్తించదని చెప్పి డీలరు 1 లక్షా 85 వేలకు ఎస్టిమేట్ ఇచ్చాడు. ఆయిల్ మా ఊరి మెకానిక్‌తో మార్పించాను, బిల్లు తీసుకోలేదు. పాత తేదీతో ఇప్పుడు రాసిస్తానంటున్నాడు. 20 నెలలుగా కంపెనీకి మెయిళ్లు పెడుతూనే ఉన్నాను. కారు డీలరు దగ్గరే ఉంది. కొత్త కారు వస్తుందా?
— ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ఆ రాత్రి పడిన ఇబ్బంది గురించి మీరు రెండు పేజీలు రాశారు. ఇంజన్‌ను విప్పి చూశారా, చూస్తే లోపల ఏం కనిపించింది అన్నది మాత్రం ఎక్కడా రాయలేదు. మీ కేసు తేలేది దాని మీదే. సర్వీసు తప్పిందా లేదా అన్నది రెండో ప్రశ్న. ఆ తప్పిన సర్వీసు వల్లనే ఇంజన్ పోయిందా అన్నది మొదటిది.

మీరు చూసిన ఎర్ర దీపం ఆయిల్ డబ్బా గుర్తుదే అయితే, అది చెప్పేది ఆయిల్ ఒత్తిడి పడిపోయిందని. ఆయిల్ తగ్గినా ఒత్తిడి పడిపోతుంది, పాతబడి జిడ్డుకట్టి స్ట్రైనర్ (ఆయిల్‌ను వడకట్టే జల్లెడ) మూసుకుపోయినా పడిపోతుంది, ఆయిల్ పంపు చెడినా పడిపోతుంది. మొదటి రెండూ సాధారణంగా మీ ఖాతాలోకి, మూడోది కంపెనీ ఖాతాలోకి వస్తాయి. ఇంజన్ విప్పితే తేడా చాలావరకు తెలుస్తుందని ఇలాంటి కేసుల్లో సాక్ష్యమిచ్చిన ఇంజనీర్ల వల్ల నేను నేర్చుకున్నాను. ఆయిల్ మార్చకుండా తిప్పిన ఇంజన్‌లో పైనుండే హెడ్ కవర్ కింద, ఆయిల్ నిలిచే సంప్ అడుగున నల్లటి మడ్డి పేరుకుని ఉంటుంది, బేరింగులన్నీ ఇంచుమించు ఒకే తీరున అరిగి ఉంటాయి. లోపల శుభ్రంగా ఉండి, ఆయిల్ మట్టం సరిగానే ఉండి, ఒక్క కనెక్టింగ్ రాడ్ బేరింగ్ మాత్రమే మాడిపోయి ఉంటే అనుమానం ఆ భాగం మీదకో, బిగింపు మీదకో, పంపు మీదకో మళ్లుతుంది. అందుచేత కారు వర్క్‌షాప్‌కు చేరిన రోజు రాసిన జాబ్ కార్డులో డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం కొలిచే పుల్ల) మీద ఆయిల్ ఎంత ఉన్నట్టు నమోదైందో ముందుగా చూడండి. ఆ కార్డు నకలు మీ దగ్గర లేకపోతే అది మీ నిర్లక్ష్యమే; ఈరోజే రాతపూర్వకంగా అడగండి, దానితోపాటు కారు కంప్యూటర్‌లో నమోదైన లోపాలు చూపే స్కాన్ రిపోర్టు ప్రింటు కూడా అడగండి.

కారులో లోపం ఉందని చూపవలసిన మొదటి భారం మీదే. అయితే వారంటీ మినహాయింపును అడ్డం పెట్టుకునే డీలరు, ఆ మినహాయింపు మీ కారుకు ఎలా వర్తిస్తుందో నిరూపించక తప్పదు. వారంటీ పుస్తకంలో ఆ షరతును అక్షరం అక్షరం చదవండి. సర్వీసు చేయించకపోవడం వల్ల కలిగిన నష్టానికి వారంటీ లేదని రాయడం వేరు, ఒక సర్వీసు తప్పితే వారంటీయే ఉండదని రాయడం వేరు. మీకు నిజంగా ఇబ్బంది తెచ్చేది తప్పిన సర్వీసు కంటే ఆ ఎర్ర దీపం. అది వెలిగాక ఎంత దూరం నడిపారు? పంపు చెడిందే నిజమైనా, వెంటనే ఆపి ఉంటే ఇంత నష్టం జరిగేది కాదని అవతలి వకీలు తప్పకుండా అంటాడు. దూరం తగ్గించి చెప్పకండి. టోయింగ్ రసీదు, ఫోన్ కాల్ వివరాలు నిజాన్ని బయటపెడతాయి.

పాత తేదీ బిల్లు సంగతి. దాన్ని ముట్టుకోవద్దు. భారతీయ న్యాయ సంహిత 336వ సెక్షన్ ప్రకారం అది ఫోర్జరీ, దాన్ని అసలుదిగా వినియోగదారుల కమిషన్ ముందు పెట్టడం 340వ సెక్షన్ కింద నేరం. పైగా బిల్లు తీసుకోలేదని మీరే మెయిళ్లలో కంపెనీకి రాసి ఉన్నారు! 20 నెలలు లేని బిల్లు ఇప్పుడు పుట్టుకొస్తే, మీరు చెప్పే నిజాన్ని కూడా ఎవరూ నమ్మరు. ఆయిల్ మార్పించింది నిజమైతే ఆ రోజు మెకానిక్‌కు యూపీఐ ద్వారా పంపిన డబ్బు, ఆయిల్ కొన్న దుకాణం రసీదు, తాను చేసిన పని గురించి మెకానిక్ ఇచ్చే ప్రమాణపత్రం చాలు. ఫోన్‌లోని సందేశాలు, మెయిళ్లు దాఖలు చేసేటప్పుడు అవి అసలైనవేనని తెలిపే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ధృవపత్రం జతచేయాలి.

ఇక గడువు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 69వ సెక్షన్ ప్రకారం వివాద కారణం తలెత్తిన రోజు నుంచి రెండేళ్లలోపు ఫిర్యాదు వేయాలి. డీలరు నిరాకరించిన రోజు నుంచి లెక్కించాలని వాదించవచ్చు గాని, ఆ వాదన మీద ఆధారపడకుండా ఇంజన్ ఆగిన రోజు నుంచే లెక్క పెట్టుకోండి. అంటే మీకు మిగిలింది మహా అయితే 4 నెలలు. మెయిళ్లు పెడుతున్నంత కాలం గడువు ఆగి ఉంటుందని మీరు అనుకున్నట్టున్నారు. ఆగదు. గోదాములో కాలిపోయిన పొగాకు బీమా గురించి వచ్చిన కందిమళ్ల రాఘవయ్య అండ్ కో కేసులో, ఏళ్ల తర్వాత రాసిన ఉత్తరాలతో, నోటీసులతో గడువు పొడిగిపోదని సుప్రీంకోర్టు 2009లోనే తేల్చింది. ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉన్నా, జవాబు కోసం ఎదురుచూశానన్న మాట సరిపోయే కారణం కాదు.

లాయర్ నోటీసు ఈ చట్టం కింద తప్పనిసరి కాదు. ఇస్తే 15 రోజులకు మించి గడువు ఇవ్వకండి. అందులో ఇంజన్‌ను, విప్పిన భాగాలను, ఆయిల్ ఫిల్టర్‌ను యథాతథంగా ఉంచాలని, మీ సమక్షంలో తప్ప ఏదీ విప్పరాదని రాయండి. మరమ్మతుకు గాని, తగ్గింపు ఇస్తామంటూ తెచ్చే పూర్తి పరిష్కార పత్రానికి గాని సంతకం చేయకండి. మరమ్మతు ముగిసి పాత భాగాలు తుక్కుకు పోతే మీ సాక్ష్యం కూడా వాటితోనే పోతుంది.

కారు హైదరాబాద్‌లో కొన్నా, మీరు నివసించే ఖమ్మంలోనే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయవచ్చు. వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షన్ అందుకు వీలిస్తుంది. చెల్లించిన ధర 50 లక్షలు దాటలేదు కనుక జిల్లా కమిషన్‌కే విచారణాధికారం ఉంది, 10 నుంచి 20 లక్షల మధ్య ధరకు రుసుము 400 రూపాయలు. వారంటీ ఇచ్చింది తయారీదారు కనుక డీలరుతోపాటు కంపెనీని కూడా ప్రతివాదిగా చేర్చండి. ఫిర్యాదుతోపాటే అదే చట్టం 38(2)(సి) సెక్షన్ కింద, ఇంజన్‌ను నిపుణుడి చేత పరీక్ష చేయించమని విడిగా దరఖాస్తు పెట్టండి. దాన్ని తర్వాత చూసుకుందామని వదిలేసి, చివరికి వాదనల రోజున నిపుణుడి నివేదిక లేక ఓడిపోయినవారిని చాలామందిని చూశాను.

కొత్త కారు ప్రధానంగా అడగకండి. వారంటీ లోపమున్న భాగాన్ని మార్చడానికే పరిమితమైతే వాహనం మొత్తం మార్చమనలేమని సుప్రీంకోర్టు 2006లో మారుతీ ఉద్యోగ్ కేసులో చెప్పింది. ఇంజన్‌ను ఉచితంగా బాగుచేయడం లేదా మార్చడం, ఈ 20 నెలలు వేరే వాహనాలకు పెట్టిన ఖర్చు, పరిహారం అడగండి. ఆ ఖర్చుకు రసీదులు ఉన్నంత మేరకే అడగండి. అవైనా తీసుకున్నారని ఆశిస్తున్నాను.