రోజూ వంద పెట్టాలా, ఎనభై దగ్గర ఆపాలా? తిరుపతి ఎండల్లో ఈవీ చార్జింగ్ గురించి

మీరు అడిగింది ఇది: తిరుపతిలో కొత్తగా ఎలక్ట్రిక్ కారు కొన్నారు, రేణిగుంట వైపు ఆఫీసుకి రానుపోను రోజూ 30 కిలోమీటర్లు. షోరూంలో రోజూ 100 శాతం పెట్టుకోమన్నారు. ఫ్రెండ్ 80 దాటనివ్వొద్దన్నాడు. మీ మామయ్యేమో పూర్తిగా అయిపోయాకే ఎక్కించాలంటున్నారు. ఎవరి మాట వినాలి?

మామయ్య మాట ముందుగా పక్కన పెట్టేయండి. అది నికెల్ క్యాడ్మియం బ్యాటరీల కాలం నాటి సలహా, అప్పట్లో దానికి అర్థముండేది. మీ కారులో ఉండే లిథియం బ్యాటరీకి మాత్రం నష్టమే. స్క్రీన్ మీద సున్నా కనబడినా కారు లోపల కొంత దాచి ఉంచుతుంది కాబట్టి ఒకరోజు అలా జరిగితే కొంపలు మునగవు. ఆ స్థితిలోనే రోజుల తరబడి వదిలేస్తే బ్యాటరీ లోపలి సెల్స్ దెబ్బతింటాయి.

మన ఊళ్లో ఇంకో సలహా కూడా వింటారు, బ్యాటరీ ఎప్పుడూ ఫుల్‌గా ఉండాలని. కరకంబాడిలో అమర రాజా బ్యాటరీ ఫ్యాక్టరీ ఉంది కదా, బ్యాటరీల గురించి తెలిసినవాళ్లు ప్రతి వీధిలోనూ ఒకరుంటారు. వాళ్లు చెప్పేది ఇన్వర్టర్లలో వాడే లెడ్ యాసిడ్ బ్యాటరీ గురించి. అది చార్జింగ్ లేకుండా పడుంటే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి పాడవుతుంది, అందుకే ఫుల్‌గా ఉంచమంటారు. లిథియం గుణం వేరు. నిండుగా ఉండి ఊరికే నిలబడటం దానికి పడదు, వేడి కూడా తోడైతే అసలు పడదు. కడుపునిండా తినిపించి మిట్టమధ్యాహ్నం ఎండలో నిలబెట్టినట్టు ఉంటుంది దాని పని.

షోరూం మాట, ఫ్రెండ్ మాట రెండూ నిజమే కావచ్చు, ఎందుకంటే వాళ్లు వేరువేరు బ్యాటరీల గురించి మాట్లాడుతూ ఉండొచ్చు. ఇక్కడ తిరిగే ఈవీల్లో ప్రధానంగా రెండు రకాల బ్యాటరీలున్నాయి. నెక్సాన్ ఈవీ, ఎంజీ కామెట్, బీవైడీ అటో 3 లాంటివాటిలో ఉండేది ఎల్ఎఫ్‌పీ, అంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్. కోనా, ఎక్స్‌యూవీ 400 లాంటివాటిలో ఎన్ఎంసీ, అంటే నికెల్, మాంగనీస్, కోబాల్ట్ కలిసినది. మీ కారు మాన్యువల్‌లో చూడండి, లేకపోతే సర్వీస్ సెంటర్‌లో సూటిగా అడగండి. ఇది తెలియకుండా ఎన్ని వీడియోలు చూసినా కన్ఫ్యూజనే మిగులుతుంది.

ఎన్ఎంసీ అయితే మీ ఫ్రెండ్ చెప్పిందే సరి. రోజువారీకి 80 చాలు, చెన్నైకో బెంగళూరుకో వెళ్లే రోజు మాత్రమే 100. ఎల్ఎఫ్‌పీకి 100 అంత ప్రమాదం కాదు, పైగా అప్పుడప్పుడు అవసరం కూడా. ఈ సెల్ వోల్టేజ్ 3.2, 3.3 వోల్టుల దగ్గర దాదాపు కదలకుండా ఉంటుంది. 40 శాతం ఉన్నప్పుడూ 70 ఉన్నప్పుడూ పెద్ద తేడా కనబడదు కాబట్టి లోపల ఎంత మిగిలిందో కారు లెక్క తప్పుతూ పోతుంది. పూర్తిగా నిండినప్పుడే వోల్టేజ్ ఒక్కసారి పైకి లేస్తుంది. కారు ఆ గుర్తు పట్టుకుని లెక్క సరిచేసుకుంటుంది, సెల్స్ అన్నింటినీ ఒక మట్టానికి తెచ్చుకుంటుంది. టెస్లా తన ఎల్ఎఫ్‌పీ కార్లకు వారానికి ఒకసారైనా 100 పెట్టమని చెప్పడానికి కారణం ఇదే. నెలల తరబడి 80 దగ్గరే ఆపేసి, తర్వాత 15 చూపిస్తున్న కారు ఉన్నట్టుండి 5కి పడిపోయిందని కంగారుపడేవాళ్లున్నారు. అక్కడ చాలాసార్లు బ్యాటరీ బాగానే ఉంటుంది, తప్పింది లెక్క.

మాది ఎల్ఎఫ్‌పీ కారు. మామూలు రోజుల్లో 80 దాకా, వారానికోసారి 100. నేను ఎక్కువ పట్టించుకునేది ఆ అంకెను కాదు, చార్జింగ్ ఎప్పుడు పూర్తవుతుందన్నది. రాత్రి పదింటికి ప్లగ్ పెడితే ఒంటిగంటకో రెండింటికో నిండిపోయి తెల్లారేదాకా నిండుగా కూర్చుంటుంది. అదే తెల్లవారుజామున మొదలై, బయలుదేరే ముందు పూర్తయితే ఆ కూర్చోవడమే ఉండదు. అప్పటికి పగటి వేడి కూడా తగ్గి ఉంటుంది. కారు యాప్‌లో చార్జింగ్ టైమ్ పెట్టుకునే షెడ్యూల్ ఉంటే వాడుకోండి. లేకపోతే పడుకునే ముందు పెట్టండి, దానికోసం అలారం పెట్టుకుని లేవక్కర్లేదు. కారు మన కోసం ఉంది గానీ మనం కారు కోసం కాదు.

వారానికోసారి పెట్టే 100 కూడా మర్నాడు కారు బయటికి తీసే రాత్రే పెట్టండి. శనివారం రాత్రి నింపేసి, ఆదివారమంతా మే నెల ఎండలో వీధిలో ఆపేయడం మాత్రం వద్దు. మన దగ్గర 40 డిగ్రీలు దాటే రోజులకు కొదవ లేదు. ఆఫీసులో చెట్టునీడ దొరికితే నాలుగడుగులు ఎక్కువ నడవాల్సి వచ్చినా అక్కడే పెట్టండి. ఎండలో దూరం తిరిగొచ్చిన వెంటనే కాకుండా, కాసేపాగి చార్జింగ్ పెట్టడమూ మంచిదే.

మీ 30 కిలోమీటర్లకు రోజుకు 4, 5 యూనిట్లు పడుతుందనుకుందాం. 40 యూనిట్ల (అంటే 40 కిలోవాట్ అవర్ల) బ్యాటరీ అయితే 10, 12 శాతం. దాన్ని రోజూ ఎక్కించినా ఫర్వాలేదు, రెండుమూడు రోజులకోసారి అయినా ఫర్వాలేదు. ప్లగ్ పెట్టిన ప్రతిసారీ బ్యాటరీ ఆయుష్షులో ఒక సైకిల్ (మొత్తం వంద శాతం ఒకసారి ఎక్కించినంత వాడకం) అయిపోతుందన్నది అపోహ. 60 నుంచి 80కి అయిదుసార్లు ఎక్కిస్తే, అన్నీ కలిపి ఒక సైకిల్. బాగా దించేసి ఒకేసారి పైదాకా ఎక్కించడం కంటే ఇలా కొద్దికొద్దిగా ఎక్కించడమే బ్యాటరీకి సులువు.

ఫాస్ట్ చార్జింగ్‌కి భయపడొద్దు, అలాగని రోజూ దాని మీదే ఆధారపడొద్దు. దారిలో వాడుకోవడానికే అది. 80 దాటాక కారే వేగం తగ్గించేస్తుంది, చివరి 20 కోసం అక్కడ కూర్చునే టైమ్‌లో చాలా దూరం పోవచ్చు. తిరుపతి నుంచి చెన్నై సుమారు 140 కిలోమీటర్లే కదా, ఇంట్లో నింపుకుని వెళితే చాలా కార్లకు దారిలో ఆగే పనే ఉండదు.

మన ఊరివాళ్లకే పనికొచ్చే సంగతి ఒకటుంది, కొండ. 2022 నుంచి తిరుమల ఘాట్‌లో ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు కూడా తిరుగుతున్నాయి, కాబట్టి ఈవీ కొండెక్కుతుందా అన్న సందేహం అక్కర్లేదు. అలిపిరి నుంచి పైకి సుమారు 700 మీటర్ల ఎత్తు. మనుషులతో కలిపి 1,700 కిలోల కారుని అంత ఎత్తుకు చేర్చడానికే 3 యూనిట్లకు పైగా ఖర్చవుతుంది, రోడ్డు మీద నడిచినందుకు ఇంకాస్త. దిగేటప్పుడు రీజెన్‌లో, అంటే మోటారే కారు వేగం తగ్గిస్తూ కరెంటుని బ్యాటరీకి తిప్పి పంపడంలో, ఆ ఎత్తుకైన ఖర్చులో సగం దాకా తిరిగి రావచ్చు. అయితే తిరిగొచ్చే కరెంటుకి బ్యాటరీలో చోటుండాలి. ఇంట్లో 100 పెట్టుకుని కొండెక్కితే ఇబ్బంది లేదు, ఎక్కేటప్పుడే ఖాళీ అవుతుంది. పైన రాత్రి బస చేసి, అక్కడ 100 నింపుకుని దిగడం మాత్రం వద్దు. నిండిన బ్యాటరీ రీజెన్‌ని తీసుకోదు, భారమంతా మామూలు బ్రేకుల మీద పడుతుంది. పాపవినాశనం, ఆకాశగంగ తిరిగినా 70, 80తో దిగడం హాయి. మొదటిసారి వెళ్లేవాళ్లు రీజెన్ లెవెల్ పెంచుకుని దిగి చూడండి, బ్రేక్ పెడల్ మీద కాలు పెట్టే పని చాలా తగ్గుతుంది.

ఇక ఇంటి సాకెట్. బ్యాటరీ గురించి ఇంత ఆలోచించేవాళ్లు కూడా దీన్ని వదిలేస్తారు. మామూలు 15 ఆంపియర్ల సాకెట్ మీద గంటల తరబడి 3 కిలోవాట్ల దాకా లాగుతుంటే, వైరు పలచనిదైనా స్క్రూ వదులైనా ప్లగ్ కరిగిపోతుంది. మీటర్ బోర్డు నుంచి విడిగా మంచి రాగి వైరు, దానికే సొంత ఎంసీబీ (లోడు ఎక్కువైతే తనంతట ఆగిపోయే స్విచ్) వేయించుకోండి. ఎక్స్‌టెన్షన్ బాక్స్, చవక టైమర్ ప్లగ్ వద్దే వద్దు. ఎర్తింగ్ కూడా చెక్ చేయించండి. కొండ కింది కాలనీల్లో రాతి నేల ఎక్కువ, ఎండాకాలం ఎర్త్ గుంత ఎండిపోతే చార్జర్ ఎర్ర లైటు చూపించి మొరాయిస్తుంది. చార్జర్ పాడైందని పరిగెత్తే ముందు ఆ గుంతలో రెండు బిందెల నీళ్లు పోసి చూడండి. అప్పటికీ అలాగే ఉంటే ఎలక్ట్రీషియన్‌ని పిలవండి. అంతేగానీ ఎర్త్ లేకుండా నడిపించే అడ్డదారి ఎవరైనా చెబితే ఒప్పుకోవద్దు.

సెలవులకు నెలరోజులు ఊరెళ్తుంటే 50 దగ్గర ఉంచి, ప్లగ్ తీసేసి, నీడలో పెట్టండి. అన్నట్టు, ఈవీలో కూడా 12 వోల్టుల చిన్న బ్యాటరీ ఒకటి ఉంటుంది, చాలా కార్లలో అది లెడ్ యాసిడే. పెద్ద బ్యాటరీ సగం ఉన్నా ఇది దిగిపోతే కారు తలుపులు కూడా సరిగా తెరుచుకోవు. ఎక్కువ రోజులు ఆపేటప్పుడు దాన్ని ఏం చేయాలో మీ మాన్యువల్‌లో ఉంటుంది. తీసేయమంటుందా, మధ్యలో ఒకసారి కారు ఆన్ చేయమంటుందా అన్నది మోడల్‌ని బట్టి మారుతుంది.